కిటికీ దగ్గర ఇరవై నిమిషాలు

నీళ్ళు తాగడం మా అక్క ఉద్యోగంలో ఒక భాగం.

ప్రతి మంగళవారం పదకొండున్నరకు, రేవులో ఐసు ఫ్యాక్టరీ మేడ మీద, తన గది కిటికీ దగ్గర నిలబడి స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగేది. కింద పడవల్లో జనం తలలెత్తి ఆ గ్లాసు కోసమే చూస్తూ ఉండేవాళ్ళు. గ్లాసు పెదవులకు ఆనగానే నలభై మోటార్లు ఒక్కసారి అందుకునేవి. అలా కాకుండా కిటికీకి తెర పడిందంటే, తాళ్ళు విప్పబోతున్న చేతులు ఆగిపోయేవి. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కాసేపటికి అక్క కిందికి దిగి వచ్చి, గట్టు చివర కర్రకు ఎర్రజెండా కట్టి, ఎవరి మొహమూ చూడకుండా మళ్ళీ మెట్లెక్కేది. అందుకే రేవులో ఆమెకు సొంత పేరు మిగల్లేదు. కొత్తవాళ్ళకు ఎర్రజెండా గారు, ముసలివాళ్ళకు ఎర్రజెండమ్మ. మా బావ ఒక్కడే "ఏమోయ్ జెండా" అనేవాడు, అక్క కూడా ఆయన్ని ఏమోయ్ అనే తిరిగి పిలిచేది.

ఆ రేవు బతుకంతా ఆల్చిప్పల మీద. తెప్పల నుంచి నీళ్ళలోకి వేలాడదీసిన తాళ్ళకు అవి గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. మంగళవారం తాళ్ళు లాగి కోసుకొస్తే మధ్యాహ్నం వ్యాన్లు వచ్చి ఎత్తుకుపోతాయి, బుధవారం పొద్దున్నకల్లా ఎక్కడెక్కడి వంటిళ్ళలోనో ఉడుకుతుంటాయి. చిక్కంతా ఎక్కడంటే, కొన్ని నెలల్లో సముద్రంలో కంటికి ఆనని నాచు ఒకటి పుడుతుంది. ఆల్చిప్పలు నీళ్ళను వడకట్టుకుని బతికే ప్రాణులు కాబట్టి అది వాటి కడుపులో చేరుతుంది. వాటికేమీ కాదు. తిన్న మనిషికి ముందు పెదవులు చిమచిమలాడతాయి, తర్వాత వేళ్ళు మొద్దుబారతాయి, ఆ తర్వాత ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు ఛాతీ ఆగిపోతుంది. ఉడికించినా విషం పోదు. రుచి మారదు, వాసన రాదు.

అక్క అసలు ఉద్యోగం వారం వారం ఐదు తాళ్ళ నుంచి ఐదు పొట్లాలు తీసి, ఐసులో పెట్టి, నగరంలోని పరీక్ష మిషనుకు పంపడం. మిషను ఫలితం శుక్రవారం వస్తుంది. శుక్రవారానికి ఆ సరుకు జనం కడుపుల్లో ఉంటుంది. ఆ మూడు రోజుల ఖాళీలో మా అక్క పెదవి కూర్చునేది.

ఆ పద్ధతి ఏ రూలు పుస్తకంలోనూ లేదు. వాళ్ళ అత్తగారు నేర్పింది. ల్యాబ్ అంటూ లేని కాలంలో ఒకే సీజనులో రేవులో ఏడుగురు పోయారు. ఏడోవాడు ఆవిడ పెద్దకొడుకు, అంటే మా బావకు అన్న. పొద్దున పెదవి గోక్కుంటూ ఏదో హాస్యమాడినవాడు మధ్యాహ్నానికి లేడు. ఆ మర్నాటి నుంచి ఆవిడ కోత రోజున అందరికన్నా ముందు రేవుకు వచ్చి, చిటికెడు పచ్చి ఆల్చిప్ప మాంసం కింది పెదవికీ చిగురుకూ మధ్య పెట్టుకుని, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చునేదట. చిమచిమ రాకపోతే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, నీళ్ళు తాగేది. అది చూసి పడవలు కదిలేవి. తర్వాత ల్యాబ్ వచ్చింది, ల్యాబులో అక్కకు ఉద్యోగం వచ్చింది, ఆ ఇంటికి కోడలైంది. పెళ్ళైన వారానికే అత్తగారు ఆమె గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసిందట.

"పెదవి పల్చగా ఉంది, పనికొస్తుంది" అందట.

"దేనికి అత్తయ్యా?"

"నాకు పళ్ళూడిపోతున్నాయి. చిగుళ్ళు మొద్దుబారాయి. నా తర్వాత నువ్వే."

ఇది చెప్పేటప్పుడల్లా అక్క నవ్వేది. "వేరే ఇళ్ళలో అత్తగార్లు నగలు దాచి ఇస్తారు. మా అత్తగారు నాకు విషం ఇచ్చింది" అనేది.

ఆ ఇరవై నిమిషాలూ నేను చాలాసార్లు ఆ గదిలో ఉన్నాను. చెక్క కుర్చీ, గోడ గడియారం, ఐసు ఫ్యాక్టరీ చలి కింద నుంచి నేలలోకి ఎక్కి అరికాళ్ళను పట్టుకునేది. ఆ చలికి అక్క వేసవిలోనూ బూడిదరంగు స్వెటరు వేసుకునేది. సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. చూస్తే మనసు పెదవికి ఏదో ఒకటి చెప్తుందట. అంత పెద్ద రేవు, ఐసు గొడ్డళ్ళు, బుట్టలు, తిట్లు, అన్నీ ఉన్నపళంగా ఆగిపోయేవి. దగ్గు వచ్చినా మింగుకునేవాళ్ళు. నీళ్ళు తెప్పలకు కొట్టుకునే చప్పుడు మాత్రం వినపడేది, ఎవరో చప్పరిస్తున్నట్టు. ఒకసారి నేను భరించలేక ఏదో మాట్లాడబోతే అక్క వేలు చూపించి ఆపింది. తర్వాత చెప్పింది, "ఆ ఇరవై నిమిషాలూ ఈ పెదవి నాది కాదే. వాళ్ళందరిదీ. నాకే వింతగా ఉంటుంది, ఎవరి నోట్లోనో కూర్చున్నట్టు."

ఇరవై ఆరేళ్ళలో తెర పందొమ్మిదిసార్లు పడింది. పద్ధెనిమిదిసార్లు శుక్రవారం మిషను అక్కదే నిజమంది. పందొమ్మిదోది పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు.

ఆ మంగళవారం పొద్దున్నే దవడ వాచి, ఆగలేక వెళ్ళి పన్ను పీకించుకుంది. సూదిమందుకు ఎడమవైపు మొత్తం మొద్దుబారింది. రేవుకు వచ్చి, కుడివైపు పెట్టుకుని కూర్చుంది. పదిహేనో నిమిషంలో ఎడమవైపు మందు దిగడం మొదలై పెదవి చిమచిమలాడింది. ఆ చిమచిమ కుడివైపుకు పాకినట్టూ ఉంది, పాకనట్టూ ఉంది. మందు పోతోందో, విషం వస్తోందో. ఇరవై నిమిషాలూ అయిపోయాయి. తెర లాగేసింది. శుక్రవారం మిషను ఏమీ లేదంది. ఏడాదిలోకెల్లా పెద్ద కోత పోయింది. రేవులో నెల రోజులు ఆమెతో సరిగా మాట్లాడినవాళ్ళు లేరు. "సముద్రాన్ని పంటి డాక్టరు మూసేశాడు" అన్న మాట పుట్టించింది మా బావే. పైకి నవ్వినా ఆ మాట అక్కకు గుచ్చుకుంది. నాతో మాత్రం అంది, "తెలిస్తే చెప్పడం ఎవరైనా చేస్తారు. తెలీనప్పుడు తెలీదని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ తెర ఒక్కటే కదే."

లెక్కల సారు వచ్చింది ఆ తర్వాత మూడేళ్ళకు. యూనివర్సిటీ మనిషి, సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబులో నాలుగు పెన్నులు. సముద్రం మనుషుల ఆరోగ్యానికి ఏం చేస్తోంది, దాని విలువ ఎంత అని లెక్క కట్టడం ఆయన పని. రేవు గాలికి ఉబ్బసం వాళ్ళు ఎన్ని మాత్రలు తగ్గించారు, గట్టు మీద నడిచేవాళ్ళు ఎన్నిసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, ఆల్చిప్పలు తిని ఎంతమంది బలపడ్డారు, ఎంతమంది మంచాన పడ్డారు. ఆయన కాగితాలు సాఫు రాసిపెట్టడానికి నన్ను కుదుర్చుకున్నాడు. నా చేతిరాత బాగుంటుంది, నాకు వేరే పనీ లేదు.

మొదటి ఇల్లు అక్కవాళ్ళదే. నేనూ వెంట వెళ్ళాను. బావ బల్ల మీద కూర్చుని వల అల్లుతున్నాడు.

"సముద్రం వల్ల మీకు కలుగుతున్న ఆరోగ్యానికి ఏడాదికి ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారు?" అని సారు అడిగాడు.

"ఎవరికివ్వాలి సారూ? సముద్రానికా? దానికి చెయ్యేదీ?"

"ఊరికే ఊహించి చెప్పండి. సరే, ఇలా అడుగుతాను. రేపటి నుంచి ఎర్రజెండా తీసేస్తామంటే, వద్దు ఉంచండి అనడానికి ఎంత ఇస్తారు?"

"జెండాకి ఇరవై ఆరేళ్ళుగా అన్నం పెడుతున్నది నేనే కదండీ."

"వండుతున్నది జెండాయే" అంది అక్క లోపల్నుంచి.

సారు నవ్వలేదు. ఏదో అంకె వేసుకున్నాడు. ఏం వేసుకున్నాడో చూద్దామని బావ మెడ సాచాడు గానీ కనపడలేదు.

రెండు నెలలకు పెద్ద పట్టిక తయారైంది. సాఫు కాపీ చేసింది నేనే. అందులో ఒక గడి పేరు 'జరగని మరణాలు'. దాని పక్కన నలభై ఒకటి. అక్క చూడాలంటే తీసుకెళ్ళి చూపించాను, సారు కూడా వచ్చాడు.

"ఈ నలభై ఒక్కమందీ ఎవరండీ?" అంది అక్క.

"ఎవరూ కాదమ్మా. అంచనా. మీరు మూసిన పద్ధెనిమిది కోతలూ బయటికి వెళ్ళి ఉంటే, వెనకటి ఏడుగురి లెక్కను బట్టి, సుమారు అంతమంది పోయేవాళ్ళు. పోలేదు. వాళ్ళ పని దినాలు, ఆసుపత్రి ఖర్చు, అన్నీ కలిపితే ఆ కుడివైపు మొత్తం."

కుడివైపు మొత్తాన్ని అక్క చూడను కూడా లేదు.

"పందొమ్మిదోది?"

"దాన్ని నష్టంలో రాయాల్సి వచ్చింది." సారు కాస్త ఇబ్బంది పడ్డాడు.

"రాయండి. అది న్యాయమే." పట్టికలో ఆ గడి మీద వేలు పెట్టింది. "అయితే వాళ్ళు ఇప్పుడు ఎక్కడో ఉన్నారన్నమాట."

"ఎవరమ్మా?"

"ఈ నలభై ఒక్కమందీ."

సారు పెన్ను మూత పెట్టుకున్నాడు. "అలా కాదు. అందరికీ తలా కాస్త ప్రమాదం తగ్గిందనుకోండి. ఫలానావాళ్ళు అని ఉండదు."

"చావుకి ఫలానావాళ్ళు ఉంటారు కదండీ. పోయిన మా బావగారు, మా ఆయన అన్న, ఫలానాయే."

ఆ రోజు నుంచి అక్కకు వాళ్ళు పట్టుకున్నారు. మొదట్లో నేను దాన్ని సరదా అనుకున్నాను. బస్సులో పక్క సీటులో ఎవరో లావుపాటావిడ గుర్రు పెడుతూ నిద్రపోతుంటే, నా చెవిలో, "ఈవిడ అయ్యుంటుందంటావా?" అనేది. కూరల దుకాణంలో చిల్లర కోసం దెబ్బలాడుతున్న ముసలాయన్ని చూసి, "ఈయనైతే మాత్రం నా పెదవి దండగ" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నెమ్మదిగా నవ్వు తగ్గింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరినో చూసి ఆగిపోయేది. ముక్కూ మొహం తెలియని మనిషిని, ఎప్పుడో తప్పిపోయి దొరికిన బంధువును చూసినట్టు చూసేది. చూపు తగిలి వాళ్ళు ఇటు తిరిగేవాళ్ళు. ఒకరిద్దరు అక్కను చూసి తల కూడా ఊపారు. ఎందుకూపారో వాళ్ళకే తెలియనట్టు, వెంటనే మొహం తిప్పుకునేవాళ్ళు.

"వాళ్ళకి తెలీదే" అంది ఒకసారి. "వాళ్ళ చావు నా దగ్గరుంది. నా అడ్రసేమో వాళ్ళకి తెలీదు."

ఇంకో రోజు ఆయాసంగా ఉందంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, వరండా ఖాళీ. రెండువైపులా వరసగా కుర్చీలు, ఒక్కరూ లేరు. నేను తిన్నగా నడిచి వెళ్ళి డాక్టరు తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. అక్క పక్కవాటుగా నడుస్తోంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ, సినిమా హాల్లో వరస మధ్యలోంచి వెళ్ళేటప్పుడు నడుస్తామే, అలా.

"ఏంటక్కా?"

"ఏం లేదు. కాళ్ళు తొక్కుతానేమోనని" అంది. అని తనే తెల్లబోయి, తిన్నగా నడిచి వచ్చేసింది. ఆ వరండాలో నాకు వెనక్కి తిరిగి రాబుద్ధి కాలేదు.

డాక్టరు గుండె అన్నాడు, మందులు రాశాడు. అక్క మందులు వాడింది. ఆ తర్వాత రెండు నెలలకు ఒక శుక్రవారం పొద్దున, బస్టాపులో వరసలో నిలబడి ఉండగా పోయింది. వెనకున్నవాళ్ళు ముందు ఆమె ఎవరికో దారి ఇస్తోందనుకున్నారట, అంత మెల్లగా పక్కకు ఒరిగిందట. గుండే. ఆల్చిప్పలకూ దానికీ సంబంధం లేదని డాక్టరు రాసిచ్చాడు. అయినా రేవులో ఒకరిద్దరు నన్ను పక్కకు పిలిచి, "పెదవులు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగారు. మామూలుగానే ఉన్నాయని చెప్పాను. పల్చగా, మూసుకుని.

మొదటి మంగళవారం పడవలు ఆమె కోసం ఆగాయి. రెండో మంగళవారం కొత్త మనిషి రాలేదని ఆగాయి. మూడో మంగళవారానికి వ్యాన్లవాళ్ళు గట్టిగా చెప్పేశారు, ఈసారి సరుకు లేకపోతే వేరే రేవు చూసుకుంటామని. ఐసు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ తాళ్ళ నుంచి పొట్లాలు తీసి పొద్దున్నే నగరానికి పంపాడు. ఫలితం శుక్రవారం. పడవలవాళ్ళ పెద్ద మా బావ. ఆయన అవుననలేదు, కాదనలేదు. మొహం కడుక్కున్న ప్రతిసారీ కింది పెదవి తడుముకుంటున్నాడని మాత్రం విన్నాను.

ఆ మంగళవారమే నేను అక్క సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాను. ల్యాబువాళ్ళు గది ఖాళీ చేసి తాళంచెవి ఇమ్మని కబురు పెట్టారు. వెనకవైపు మెట్ల మీదుగా ఎక్కాను. కళ్ళజోడు, గొడుగు, సగం చదివిన వారపత్రిక, రూళ్ళ పుస్తకంలో తన రాతతో ఇరవై ఆరేళ్ళ మంగళవారాలు. కుర్చీ వెనక బూడిదరంగు స్వెటరు. నేల చల్లగా కాళ్ళను పట్టుకుంటుంటే స్వెటరు తీసి వేసుకున్నాను. అందులో ఇంకా ఆమె తలనూనె వాసన ఉంది. కుర్చీలో కూర్చున్నాను. సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నానని తర్వాత తెలిసింది. ఆ కుర్చీ అలాగే ఉంటుంది, వేరేలా కూర్చోవడానికి లేదు.

గడియారం ఎంత చూపిస్తోందో చూడలేదు. పుస్తకం తిరగేస్తూ ఉండిపోయాను. ఏ రోజుకైనా ఒక్క మాటే ఉంది. 'తాగాను.' పేజీలకు పేజీలు తాగాను, తాగాను, తాగాను. ఎక్కడో ఒకచోట, 'తాగలేదు'. ఎంతసేపు చదివానో. ఒక దశలో చుట్టూ చాలా నిశ్శబ్దంగా ఉందని అనిపించింది గానీ, మనిషి పోయిన గదుల్లో అలాగే ఉంటుందిలే అనుకున్నాను. గొంతు ఎండిపోయింది. సంచీలో నా సీసా ఉంది. బల్ల మీద ఆమె గ్లాసు బోర్లించి ఉంది. అందులో పోసుకుని, లేచి, గాలి కోసం కిటికీ దగ్గరికి వెళ్ళి తాగాను.

మోటార్లు అందుకున్నాయి. నలభై, ఒక్కసారి.

గ్లాసు దించి చూశాను. కింద రేవు రేవంతా నావైపు చూస్తున్న మొహాలు, అప్పుడప్పుడే చూపు దించుకుంటున్న మొహాలు. తాళ్ళు నీళ్ళలో పడుతున్నాయి. అన్నిటికన్నా ముందు మా బావ పడవ. గోడ గడియారం పదకొండున్నర దాటి ఒక నిమిషం.

సముద్రం మామూలుగా ఉంది. ఎండకు తళతళలాడుతూ, ఎప్పుడూ ఉన్నట్టే. అందులో ఏముందో నాకు తెలియదు. నా పెదవి మీద మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. అరవబోయాను, ఆ మోతలో నాకే వినపడలేదు. తెర మీద చెయ్యి వేశాను. వేసి ఆగాను. ఆ ఆగిన క్షణాలు నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. వ్యాన్లు గుర్తొచ్చాయి. పంటి డాక్టరు మాట గుర్తొచ్చింది. అక్క పోయిన పద్ధెనిమిదో రోజున ఆమె చెల్లెలు రేవు మూసిందంటారని గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో నీళ్ళు తాగిన తర్వాత తెర పడింది ఒక్కసారీ లేదు. తెలీనప్పుడు తెలీదని చెప్పడానికి ఆ తెర ఒక్కటే ఉంది.

లాగేశాను.

అంచు పక్కనుంచి చూస్తూ నిలబడ్డాను. పడవలు వెళ్ళిపోతూనే ఉన్నాయి. వెనక్కి ఎవరు చూస్తారు? పనికి వెళ్ళేవాడు ముందుకు చూస్తాడు. బావ ఒక్కడు తల తిప్పాడు. ఆయన మోటారు ఆగింది. పక్కది ఆగింది. ఆ వెనకది. ఒక్కొక్కటే ఆగుతూ, చివరికి నలభై పడవలూ నీళ్ళ మధ్యలో చప్పుడు లేకుండా తేలుతూ, అందులో అందరూ ఇటు తిరిగి, తెర వేసిన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. నేను తెర వెనక ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. ఎంతసేపో. అప్పుడు నాకు ఆ గదిలో ఒంటరిగా ఉన్నట్టు అనిపించలేదు. భయం వేసిందని రాస్తే అబద్ధమవుతుంది, వేయలేదని రాసినా అబద్ధమే. తర్వాత పడవలు తిరిగి వచ్చాయి.

బావ మెట్లెక్కి వచ్చాడు. తలుపు దగ్గర ఆగి, ముందు స్వెటరును చూశాడు, తర్వాత నన్ను.

"నాకు ఏం తెలీదు బావా. దాహమేసి తాగాను. ఇలా అవుతుందని అనుకోలేదు. అక్క కాదు నేనని అరిచి వాళ్ళని ఆపబోయాను..."

"నువ్వని నాకు కింద నుంచే తెలుసు మరదలా."

"తెలిస్తే ఎందుకు బయల్దేరావు?"

ఆయన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నువ్వని తెలుసు. చెయ్యి మాత్రం తాడు విప్పేసింది. నేను చూస్తూనే ఉన్నాను, అది విప్పేసింది." చెయ్యి దించి, "మళ్ళీ వెనక్కి తిరిగి చూడమని నాకెవరు చెప్పారో తెలీదు. పిలిచినట్టైంది" అన్నాడు.

"ఎవరు పిలిచారు?"

"ఏమోయ్ అంటే ఎవరనుకోవాలి?"

ఇద్దరం కిందికి దిగాం. జెండా ఆయనే కట్టాడు. ముడి వేయడం రాక మూడుసార్లు విప్పాడు. వ్యాన్లవాళ్ళు అన్నవన్నీ అన్నారు. బావ తల వంచుకుని విన్నాడు. రేవులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, కానీ నా పక్కగా వెళ్ళాల్సి వస్తే కాస్త ఎడంగా వెళ్ళారు.

శుక్రవారం ఫలితం వచ్చింది. ఐదు తాళ్ళలో మూడింటిలో విషం. అక్క ఉన్న ఇరవై ఆరేళ్ళలో మిషను ఎప్పుడూ చూపించనంత. ఫోర్‌మన్ ఆ కాగితం చదువుతుంటే చుట్టూ మూగినవాళ్ళు టోపీలూ తలగుడ్డలూ తీసేశారు. ఎందుకు తీశారో వాళ్ళనడిగితే చెప్పలేరు.

లెక్కల సారు ఊరెళ్ళే ముందు ఆఖరి పట్టిక నాకిచ్చి సాఫు రాయమన్నాడు. కొత్తగా ఒక వరస చేరింది. ఇరవయ్యో మూసివేత. జరగని మరణాల గడిలో నలభై ఒకటి కొట్టేసి నలభై ఆరు వేశాడు. నేను నా మామూలు రాతతో రాసిచ్చేశాను. అచ్చయి పుస్తకం వచ్చిన తర్వాత గానీ చూసుకోలేదు. 'నిర్ణయం ఎవరిది' అన్న గడిలో పై పందొమ్మిది వరసల్లో రాసినట్టే ఇరవయ్యో వరసలోనూ ఎర్రజెండా అని ఉంది. నా చెయ్యి రాసేసింది. పక్కనే తేదీ ఉంది. ఆమె పోయిన పద్ధెనిమిదో రోజు.

పుస్తకం తీసుకుని బావ దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం, బల్ల మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ వరస చదివి వినిపించాను. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

"పోయాక కూడా డ్యూటీ వేశారన్నమాట" అన్నాడు. "ఓవర్‌టైం అడగాల్సింది."

"సారుకి ఉత్తరం రాసి దిద్దించనా?"

"ఎవరి పేరు వేయిస్తావు? నీదా?"

నేను పుస్తకం మూశాను.

"ఈ కొత్త ఐదుగురూ ఎవరంటావు?" అన్నాడు.

"ఎవరూ కాదట బావా. అంచనా."

"మొదటి పడవ నాది. లాగిన తాళ్ళలోంచి మొదటి గుప్పెడు పడవలోనే ఉడకబెట్టుకుని తినేది నేనే, మా నాన్న కాలం నుంచీ అంతే. కనక ఒకడు ఎవరో నాకు తెలుసు." వల మీద చూపు ఎత్తకుండానే అన్నాడు. "మిగతా నలుగురే తేలాలి. దిద్దించకు. అలాగే ఉండనీ."

మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. తనే లేచి, లోపల్నుంచి స్టీలు గ్లాసుతో తెచ్చి నా చేతికిచ్చాడు. నేను తాగుతున్నంతసేపూ గ్లాసు వైపే చూశాడు. ఆ తర్వాత వల ఒళ్ళోకి లాక్కుని బల్ల మీద కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. నేనూ అటు జరగలేదు.